పదకొండో ఇంటి గ్లాసు

మే 4, సోమవారం

పైన యాభై ఆరు డిగ్రీలు. కింద ఇరవై తొమ్మిది. పంకా సరిగ్గా నడుస్తోంది. ఫిర్యాదులు లేవు.

ఈ పుస్తకం ముందు పేజీల్లో నేను రాయాల్సింది ఇంతే. ఏడో వరస ఇళ్లకు గాలి పంపే పంకా కాపలాదారుగా పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నదీ ఇంతే. ఊరి పాలన చూసే పెద్దగది వాళ్లు నెలకోసారి చూసి సంతకం పెడతారు. వెనక పేజీలు ఎవరూ తిప్పరు, కాబట్టి మిగతాది ఇక్కడ రాసుకుంటాను. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేకపోతే పుస్తకమే గతి.

రెండో వరసలో ఎవరికో పొడిజ్వరం వచ్చిందని సరుకుల గది దగ్గర విన్నాను. దగ్గు ఉండదట, చెమట పట్టదట, ఒళ్లు పెనంలా కాలుతుందట, ఊపిరి చాలదట. చెప్పినవాడు కళ్లారా చూసినట్టే చెప్పాడు. చూశావా అని అడిగితే లేదన్నాడు. అయినా నిమిషంలో లైను రెండింతలైంది. ఏం కొనాలో ఎవరికీ తెలియదు. ముందువాడు ఏది తీసుకుంటే వెనకవాడు అదే తీసుకుంటున్నాడు. నా ముందున్న ఆయన సేమ్యా అడిగాడు, నేనూ సేమ్యా అడిగాను. ఇంటికి వచ్చి చూస్తే ఆరు కిలోలుంది. ఉప్పు మరిచిపోయాను. కొమురవ్వ ఉంటే ఈ తెలివికి నన్ను వారం రోజులు ఆడుకునేది. నా భార్య పోయి మూడేళ్లయింది.

మే 6, బుధవారం

రేపటి నుంచి వరసలన్నీ మూసేస్తున్నారు. ఎవరి తలుపు లోపల వాళ్లు ఉండాలి. బియ్యం, నీళ్లు, పాలపొడి తలుపు దగ్గర పెట్టి వెళతారు. ప్రతి వరసకూ ఆ ఉత్తర్వు మైకులో చదివే పని పంకా కాపలాదారులదే. నేను చదివాను. ఇరవై రెండు ఇళ్లకు నా గొంతు ఒకేసారి వినపడటం నాకు ఎప్పుడూ ఇబ్బందే, మధ్యలో రెండుసార్లు గొంతు సవరించుకున్నాను.

"తలుపు సందులు టేపుతో మూయవలెను. బట్ట లేకుండా నోరు తెరవరాదు. చేమిరి కిటికీలు మాత్రం ఎప్పటిలాగే తెరచి ఉంచవచ్చును."

చేమిరి అంటే పాలు పెరుగు కావడానికి వేసే ఆ చెంచాడు పెరుగు. పైన ఎండకు బతకలేక ఈ పాత బొగ్గు గనిలోకి దిగి మేం కాపురం పెట్టిన కొత్తలో కలుషితమైన పాలు తాగి ఒక వరస వరసే పోయింది. అప్పటి నుంచి పద్ధతి పెట్టారు. ఏ ఇల్లూ తన పెరుగుతో తాను తోడేసుకోదు. పక్కింటి నుంచి తీసుకోవాలి, అటుపక్క ఇంటికి ఇవ్వాలి. ఇచ్చేవాళ్లు ముందు తమ పెరుగు ఒక చెంచా నోట్లో వేసుకుని, ఆ చెంచాను గ్లాసులోనే ఉంచి ఇవ్వాలి. విషముంటే ముందు నేనే పోతాను అని చెప్పడం అది. ఇల్లిల్లుకూ మధ్య గోడలో చెయ్యి పట్టేంత కిటికీ ఉన్నది ఇందుకే. మా దగ్గర పెళ్లి సంబంధం చూసేటప్పుడు కూడా ముందు అడిగేది, ఆ ఇంట్లో రుచి చూసి ఇస్తారా అనే.

సాయంత్రం దాకా పని సరిపోయింది. రెండు డ్రముల్లో నీళ్లు పట్టాను. కొమురవ్వ దిండు గలీబులు రెండు చింపి మూతికి కట్టుకునే బట్టలు నాలుగు కుట్టాను, రెండు వంకరగా వచ్చాయి. పంకాకు ఒక బెల్టు అదనంగా ఇవ్వమని పెద్దగదికి ఫోన్ చేశాను. అక్కడి ఇన్‌చార్జి దేవేందర్ సారు నవ్వాడు. "పంకాకు గూడ జ్వరమొస్తదా సమ్మయ్యా?" అన్నాడు. బెల్టు మాత్రం పంపాడు.

మే 7, గురువారం

మూసిన మొదటి రోజు. నాది పదకొండో ఇల్లు. పొద్దున ఆరున్నరకు పదో ఇంటి వైపు కిటికీ టకటకలాడింది. రాంబాయక్క చెయ్యి, చేతిలో గ్లాసు, గ్లాసులో చెంచా.

"రుచి చూసిన తమ్మీ, తీస్కో. నిన్నటికన్న జర పులుపెక్కింది."

"నాకు పులుపే మంచిగుంటది అక్కా."

"నీ మొకం. కొమురవ్వ ఉన్నప్పుడు తియ్యగ లేకుంటె ముట్టకపోతుంటివి. బియ్యం ఉన్నయా?"

"సేమ్యా ఉన్నది."

ఆమె చాలాసేపు నవ్వింది. డెబ్బై ఏళ్ల మనిషి, గోడ అవతల ఎలా నవ్వుతుందో నాకు కనపడదు, చేతి గాజులు కదలడం కనపడుతుంది.

కాసేపటికి పన్నెండో ఇంటి వైపు కిటికీ తట్టాను. ఆ ఇంట్లో స్వరూప ఒక్కతే ఉంటోంది. భర్త కనకయ్య పైన సౌరపలకల పనికి పోయాడు, వరసలు మూశాక పైనే ఆగిపోయాడు. ఇద్దరికీ పెళ్లయి ఏడాది. దూరపు చుట్టరికంతో నన్ను మామా అంటుంది.

"రుచి చూసినవా మామా?"

"చూసిన బిడ్డా."

ఇప్పుడు రాయక తప్పదు. నేను చూడలేదు. మూడేళ్లుగా చూడటం లేదు.

కొమురవ్వ పోయాక పెరుగన్నం నా గొంతు దిగలేదు. పాలు తోడేయడం మానేశాను. రాంబాయక్క ఇచ్చిన పెరుగునే, ఆమె చెంచాతో సహా నా గ్లాసులోకి వంచి స్వరూపకు ఇచ్చేస్తున్నాను. మొదట్లో నాలుగు రోజులే అనుకున్నాను. ఆ తర్వాత నిజం చెప్పాలంటే భయమేసింది. పెరుగు వేయని ఇంటిని వరసలోంచి తప్పిస్తారు. నా కిటికీలు ఇటుకలతో మూసేసి, పదో ఇంటి గ్లాసు పన్నెండుకు వేరే దారిన పోయేలా చేస్తారు. అప్పుడు పొద్దున నా గోడ తట్టేవాళ్లు ఎవరుంటారు? రోజు మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది ఆ రెండు కిటికీల దగ్గర, అంతా కలిపితే అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల కోసమే అబద్ధమాడుతున్నాను.

మే 9, శనివారం

నిన్న మూడో ఇల్లు, ఇవాళ నాలుగో ఇల్లు గాలి పెంచమని ఫోన్ చేశాయి. ప్రతి ఇంటికీ గాలి వచ్చే గొట్టానికి ఒక మూత ఉంటుంది, ఆ మూతలన్నీ నా పంకా గదిలోంచే తిప్పుతాను. మామూలుగా రెండో గీత మీద ఉంటాయి. ఆ రెండిళ్లవీ నాలుగుకు తిప్పాను. మూడో ఇంటి ఎల్లయ్య రెండో వరసకు పనికి పోయేవాడు. ఫోన్‌లో ఆయన భార్య, "ఒళ్లు ముట్టుకుంటె కాలుతున్నది, శెమటొస్తలేదు" అంది. ఇంకేం అడగాలో తెలియక గాలి సరిపోయిందా అని అడిగాను.

బయట నడవాలో ఒక్క అడుగు చప్పుడు లేదు. మామూలు రోజుల్లో ఆ చప్పుళ్లకు విసుక్కునేవాణ్ని. పొద్దుటి నుంచి మూడుసార్లు తలుపుకు చెవి ఆనించి విన్నాను.

మే 12, మంగళవారం

ఐదు, ఆరు, ఏడు. రోజుకొక ఇల్లు. ముందు పేజీల్లో రాస్తూ పోతున్నాను.

ఇవాళ సేమ్యా వండాను. నీళ్లలో వేసి ఉడికిస్తే ఒకటే ముద్దయింది. ఉప్పు లేదు కదా, పచ్చడి కలుపుకుని తిన్నాను. రాంబాయక్కకు చెబితే, "ముందుగాల నూనెల ఏయించాలె రా పిచ్చోడా" అని కిటికీలోంచే ఉప్పు పొట్లం ఇచ్చింది.

స్వరూప భయపడుతోంది. గ్లాసు అందుకున్నాక కూడా కిటికీ వెయ్యలేదు.

"మామా, మన దాక ఒస్తదా?"

"ఎందుకొస్తది. సందులన్ని టేపేసినం కదా."

"ఆయన పైన ఒక్కడే ఉన్నడు. నాకేమన్న అయితె ఎవరు చెప్తరు ఆయనకు?"

"నేనున్న కదా బిడ్డా. ఏం గాదు, పెరుగు తిను, సలవ చేస్తది."

పెరుగు తినమని చెప్పింది నేనే. ఆ మాట కూడా ఇక్కడ ఉండాలి.

మే 14, గురువారం

నిన్న ఎనిమిది, ఇవాళ తొమ్మిది. రాంబాయక్క ఇవాళ ఆలస్యంగా ఏడు దాటాక తట్టింది. గ్లాసు కిటికీ అంచుకు ఆనించి పట్టుకుంది.

"ఒళ్లంత నొప్పులు తమ్మీ. రాత్రి పన్న కాడికెల్లి లేవబుద్ధి కాలె. స్వరూప ఎదురు సూస్తదని లేశిన."

"పండుకోరాదు అక్కా, ఒక్కనాడు లేకుంటె ఏమైతది?"

"నా చెయ్యి కాడ వరస తెగిందనిపించుకోను. రుచి చూసిన, తీస్కో."

తీసుకున్నాను. నా గ్లాసులోకి వంచాను. పన్నెండో కిటికీ తట్టాను.

మే 16, శనివారం

నిన్న పదో ఇల్లు. రాంబాయక్కే ఫోన్ చేసి గాలి పెంచమంది, మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటోంది. అయినా నిన్నా ఇవాళా గ్లాసు మాత్రం వచ్చింది. ఈ లెక్కన ఇవాళ నా వంతు. పొద్దుటి నుంచి జ్వరం చూసే కర్ర నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. తొంభై ఎనిమిది. గంట తర్వాత చూసినా తొంభై ఎనిమిదే. నేను పడిపోతే పంకా ఎలా ఆడించాలో వచ్చేవాడికి తెలియాలని ఒక కాగితం మీద రాసి మోటారుకు అంటించాను. రెండు జతల బట్టలు మూట కట్టి తలుపు దగ్గర పెట్టుకున్నాను. మంచం దులిపాను. చావుకు కూడా ఇల్లు సర్దుకోవాలనిపిస్తుందని ఇప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పన్నెండో ఇల్లు.

"మామా," అంది స్వరూప. ఊపిరి తీసుకుంది. "జర గాలి పెంచు."

అయిదో గీతకు తిప్పాను. అంతకు మించి గీతలు లేవు.

మే 17, ఆదివారం

పొద్దున రాంబాయక్క కిటికీ తట్టలేదు. తొమ్మిదింటికి పెద్దగది నుంచి దేవేందర్ సారు ఫోన్.

"సమ్మయ్యా, జ్వరం గాలి గొట్టంలకెల్లి పోతున్నదని డాక్టర్లు తేల్చిండ్రు. గొట్టం ఎట్ల పోతదో ఇండ్లు అట్లనే పడుతున్నయి, మూడు, నాలుగు, ఐదు అనుకుంట. రేపు సాయంత్రం మీ వరస పంకా బంద్ చెయ్యాలె. మూడు దినాలు."

"మూడు దినాలా? తొమ్మిది ఇండ్లల్ల ఊపిరి ఆడుతలేదు సార్. గాలి బంద్ చేస్తె వాళ్లు మూడు గంటలు గూడ ఆగరు."

"తొమ్మిది ఇండ్ల కోసం ఊరంత పోవాల్నా? నాకు మాత్రం ఇష్టమా?"

ఫోన్ పెట్టేశాక ముందు పేజీలు తిరగేశాను. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు. మళ్లీ చదివాను. పదకొండు లేదు.

గొట్టం నా ఇంట్లోంచే పోతుంది. వాళ్లు పీల్చిన గాలే నేనూ పీలుస్తున్నాను, అందరికన్నా ఎక్కువ పీలుస్తున్నాను. గాలి వల్ల వచ్చేదైతే నన్ను వదిలిపెట్టి పన్నెండో ఇంటికి ఎలా దూకింది? ఈ వరసలో అందరూ చేస్తూ నేనొక్కణ్నే చేయని పని ఒకటే ఉంది. నేను పెరుగు తినను. నా నోట్లో ఆ చెంచా పెట్టుకోను.

కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. పాలల్లో విషముందేమోనని పెట్టుకున్న జాగ్రత్తతోనే మేం రోగాన్ని ఇంటింటికీ అందించుకున్నాం. తలుపు సందుల్లో టేపు వేసి, కిటికీలోంచి నోట్లో పెట్టుకున్న చెంచా ఇచ్చుకున్నాం. నేనైతే ఒక ఇంటి చెంచాను ఇంకో ఇంటికి నా చేత్తో మోశాను. మే 14న రాంబాయక్క ఒళ్లు నొప్పులన్న రోజున కూడా.

పెద్దగదికి ఫోన్ చేశాను.

"గాలి కాదు సార్, చేమిరి గ్లాసులు. కిటికీలు మూయించుండ్రి, పంకా ఆపకుండ్రి."

"రుచి చూసి ఇచ్చేదాంట్ల దోషమేముంటది? అయినా అట్లయితె నీకు రావాలె కదా. పదో ఇంటి గ్లాసు నువ్వే తీస్కుంటవ్, నువ్వే రుచి చూసి ఇస్తవ్. నీకెందుకు రాలె?"

ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు. ఆలోచించి మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఊరంతా ముఖం మీద ఉమ్మేయడం కనపడింది. అంతకన్నా ముందు, ఇక జన్మలో ఏ కిటికీ నాకోసం తెరుచుకోదన్నది కనపడింది. పన్నెండో ఇంట్లో ఊపిరి అందక పడి ఉన్న పిల్లకన్నా నా కిటికీలే నాకు ముఖ్యమయ్యాయి. అయిదు గంటలసేపు అలాగే అయ్యాయి.

మధ్యాహ్నం రెండింటికి రాంబాయక్క పోయింది. ఒంటి నిండా తొడుగు వేసుకుని రోజుకోసారి వచ్చే నర్సు నా తలుపు కొట్టి చెప్పింది, పదో ఇంటి గాలి మూత మూసేయమని. మూశాను. ఆ మూత తిప్పిన చేత్తోనే ఫోన్ తీశాను.

"సార్, నేను మూడేండ్ల సంది రుచి చూస్తలేను. నేను పెరుగే తోడెయ్య. రాంబాయక్క చెంచానే స్వరూపకిచ్చిన. అందుకే నాకు రాలె, అందుకే పన్నెండుకొచ్చింది."



"ఏమంటున్నవో తెలుస్తున్నదా సమ్మయ్యా?"

"తెలుస్తున్నది."

"డాక్టర్లతోని మాట్లాడుత. వాళ్లు ఒప్పుకున్నా, కిటికీలు మూయాలంటె వరస ఒప్పుకోవాలె. కారణం చెప్పకుంటె ఎవ్వరు మూయరు, పక్కింటి మొకాన కిటికీ మూసుడుకన్న పెద్ద తిట్టు లేదు. మైకుల నువ్వే చెప్పాలె."

మే 18, సోమవారం

డాక్టర్లు ముందు నమ్మలేదు. రెండో వరసలో కూడా పెరుగు తినని ఇల్లు ఏదైనా ఉందా అని అడిగించారు. ఉందట, ఒక ముసలాయన, డాక్టరు వద్దన్నాడని మానేశాడట, ఆయనకూ జ్వరం లేదు. అయితే ఆయన తినడం లేదని పక్క ఇళ్లకు ముందే చెప్పాడు. నాలాంటివాడు ఇంకొకడు దొరుకుతాడేమోనని నాకు ఆశగా ఉండింది. డాక్టర్లు ఒప్పుకున్నారు, సాయంత్రంలోగా మా వరస కిటికీలన్నీ మూస్తే పంకా ఆపనక్కర్లేదన్నారు.

పదకొండు గంటలకు మైకు ముందు కూర్చున్నాను. రాసుకున్న కాగితం పక్కన పెట్టేసి మామూలుగా మాట్లాడాను.

"నేను పంకా సమ్మయ్యను. మూడేండ్ల సంది మీకు అబద్ధం చెప్పిన. కొమురవ్వ పోయినంక నేను పెరుగు ముడుతలేను. రాంబాయక్క ఇచ్చిన గ్లాసునే రుచి చూసిన అని చెప్పి పన్నెండో ఇంటికిచ్చిన. అందరికి జ్వరమొచ్చి నాకు రానిది అందుకే. రోగం గాలిల లేదు, చెంచాల ఉన్నది. కిటికీలు మూసుకోండ్రి. పక్కింటోళ్ల మీద అనుమానంతోని కాదు, నా మాట మీద మూసుకోండ్రి. మూసినోళ్లు మీ ఇంట్ల బటన్ నొక్కుండ్రి, ఈడ దీపం ఎలుగుతది. అన్ని మూస్తెనే పంకా నడుస్తది."

బోర్డు మీద ఇరవై రెండు దీపాలు. నా దీపం నేనే వెలిగించుకున్నాను. రాంబాయక్క ఇంట్లో నర్సు నొక్కింది. పావుగంటలో పదహారు వెలిగాయి. పద్నాలుగో ఇంటి మొండయ్య ముందు ఫోన్ చేసి, నా తల్లిని తండ్రిని కలిపి తిట్టి, ఆ తర్వాత బటన్ నొక్కాడు. తిట్టినవాళ్లే నయం. మిగతావాళ్లు ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి ఇరవై ఒకటి వెలిగాయి. పన్నెండు వెలగలేదు. నర్సు వెళ్లి చూసింది. లేచే ఓపిక లేదట, స్పృహలోనే ఉందట, మైకులో నేను చెప్పింది మొత్తం విన్నదట. నర్సే బటన్ నొక్కింది.

"ఏమన్న అన్నదా?" అని తలుపు ఇవతల నుంచి అడిగాను.

"ఏం అనలె. గోడ దిక్కు తిరిగి పండుకుంది."

సాయంత్రం పంకా ఆపలేదు.

మే 20, బుధవారం

పదమూడో ఇంటికి నిన్న వచ్చింది. అది కిటికీలు మూయకముందు అందుకున్న గ్లాసుది. పద్నాలుగుకు రాలేదు. ఇవాళ కొత్తగా ఎవరూ గాలి అడగలేదు. మిగతా వరసల్లోనూ కిటికీలు మూయించారు. దేవేందర్ సారు ఆ సంగతి చెప్పి, "మంచి పని చేసినవ్" అని కూడా అనబోయి ఆపేశాడు.

రెండు కిటికీల మీదా నేనే టేపు వేశాను. ఆరున్నరకు మెలకువ వచ్చి మంచం మీద కూర్చుంటున్నాను. ఎవరూ తట్టరని తెలుసు. ఏడు దాకా కూర్చుని లేస్తున్నాను. పంకా మోత తప్ప చప్పుడు లేదు. ఒంటరితనం అంటే ఇదివరకు నాకు తెలుసనుకున్నాను, కానీ తెలియదు. అప్పుడు పొద్దున అయిదు నిమిషాలుండేవి.

పన్నెండో ఇంటి మూత అయిదో గీత మీదే ఉంది. నర్సు చెప్పేది ఒకటే మాట, "అట్లనే ఉన్నది." నేను గోడకు చెవి పెట్టి వింటున్నాను. ఒకసారి గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది. నీళ్లు తాగిందన్నమాట. అది ముందు పేజీలో రాయాల్సిన సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాశాను.

పైన కనకయ్యకు ఎవరు చెబుతారని అడిగింది కదా. పెద్దగది ద్వారా లైను కలిపించుకుని నేనే చెప్పాను, ఆమెకు ఎలా వచ్చిందో కూడా. అతను అంతా విన్నాడు. తర్వాత, "గాలి మాత్రం ఆపకు" అన్నాడు. అన్నా అనలేదు, మామా అనలేదు.

మే 22, శుక్రవారం

పదమూడో ఇల్లు నాలుగో గీత. పన్నెండు అయిదో గీత. మిగతావాటిలో మూడు ఇళ్లు మూడో గీతకు దిగాయి. తొమ్మిదో ఇంటి పెద్దాయన నిన్న పోయాడు.

బెల్టు సడలింది. ఆపి మార్చాలంటే నాలుగు నిమిషాలు పడుతుంది. స్వరూప ఆ నాలుగు నిమిషాలు ఆగగలదో లేదో తెలియదు. నర్సును ఆమె పక్కన కూర్చోబెట్టి, చేతి పంకా ఇప్పించి, అప్పుడు ఆపాను. చెమటతో స్పానర్ జారిపోయింది. మూడు నిమిషాల్లో మార్చాను. యాభై ఎనిమిదేళ్ల బతుకులో ఇంత తొందరగా ఏ పనీ చేయలేదు.

మే 25, సోమవారం

పైన యాభై ఏడు డిగ్రీలు. కింద ఇరవై తొమ్మిది.

పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"పన్నెండో ఇల్లు," అంది. గొంతు సన్నగా ఉంది, కానీ ఊపిరి కోసం మధ్యలో ఆగలేదు. "గాలి తగ్గించాలె. సలి పెడుతున్నది."

"తగ్గిస్త బిడ్డా," అన్నాను. ఇంకా ఏదో అనాలని నోరు తెరిచాను. క్షమించమనో, అన్నం తిన్నావా అనో. అటువైపు ఆమె ఇంకా ఫోన్ పెట్టలేదు, ఊపిరి వినపడుతోంది, నిండుగా తీసి వదులుతోంది. నేను ఏమీ అనకుండా ఆ ఊపిరి విన్నాను. తర్వాత పెట్టేసింది.

స్వరూప బతికింది. నన్ను మామా అనలేదు. ఇక అనదు కూడా. పంకా గదిలో కింద కూర్చుని ఏడ్చాను. సంతోషానికి ఎంత ఏడ్చానో, మిగతాదానికి ఎంతో విడదీసి చెప్పలేను.

కళ్లు తుడుచుకుని లేచి, ముందు పేజీలో పన్నెండో ఇల్లు గాలి తగ్గించమని అడిగినట్టు రాశాను. ఆ తర్వాత మూత అయిదు నుంచి నాలుగుకు తిప్పి కాసేపు ఆగాను. నాలుగు నుంచి మూడుకు తిప్పి మళ్లీ ఆగాను. ఒక్కసారిగా తగ్గిస్తే ఆ పిల్లకు ఉక్కపోస్తుంది.